న్యూజెర్సీ గన్ కేసు: మిడిల్‌సెక్స్ కౌంటీలో అసలు ఎంత శిక్ష పడుతుంది? ప్లీ ఒప్పుకోవాలా వద్దా?

గుంటూరు_చిన్నోడు:
అందరికీ నమస్కారం. విషయం మా బావగారిది, పేరు రాయను, ఏమీ అనుకోకండి. గ్రీన్ కార్డ్ ఉంది. ఉద్యోగం మారి ఫ్రిస్కో నుంచి ఎడిసన్ వైపు వచ్చారు. టెక్సాస్‌లో లీగల్‌గా కొనుక్కున్న 9 ఎంఎం పిస్టల్ కారు గ్లవ్ బాక్స్‌లోనే ఉంది, అది కూడా లోడ్ చేసి. రాత్రి పూట వెనక లైటు వెలగట్లేదని పోలీసులు కారు ఆపితే ఈయన అక్కడి అలవాటు కొద్దీ అడక్కముందే సార్ కార్లో గన్ ఉంది అని చెప్పేశారు, అంతే, చేతులకి బేడీలు వేసి తీసుకెళ్ళారు. కంప్లైంట్ కాగితం మీద మూడు లైన్లు ఉన్నాయి. పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్, సెకండ్ డిగ్రీ. హాలో నోస్ బుల్లెట్లు, అంటే మొన బోలుగా ఉండి తగిలాక విచ్చుకునేవి, ఫోర్త్ డిగ్రీ. 15 రౌండ్ల మ్యాగజైన్, ఇంకో ఫోర్త్ డిగ్రీ. ఇక్కడ డిగ్రీ అంకె తగ్గేకొద్దీ నేరం పెద్దదట. ఇంతకుముందు ఆయన మీద ఒక్క కేసు లేదు, స్పీడింగ్ టికెట్లు తప్ప.

మేం పెట్టుకున్న లాయరు మొదటి ప్లీ ఆఫర్‌కే, అంటే నేరం ఒప్పుకుంటే తక్కువ శిక్ష అనే ఒప్పందానికే, ఒప్పుకుంటే ఏడాదితో పోతుంది, ట్రయల్‌కి వెళితే మూడున్నరేళ్ళు అంటున్నాడు. ఊర్నుంచి అమ్మావాళ్ళు బెయిల్‌కి ఎంత కావాలో చెప్పండి పొలం మీద తెచ్చి పంపుతాం అంటున్నారు. అక్కకి ఇద్దరు చిన్నపిల్లలు. ఈ కౌంటీలో నిజంగా ఇలాంటి కేసులు ఎలా ముగుస్తున్నాయో తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

డల్లాస్_సుబ్బు:
అయ్యో అన్నా. ఇక్కడ మాకు 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి వేరే అడ్డంకి ఏం లేకపోతే లైసెన్సు కూడా అక్కర్లేదు, కార్లో పెట్టుకుని తిరిగేవాళ్ళు బోల్డంతమంది. లైసెన్సు ఉన్నవాళ్ళైతే పోలీసు ఐడీ అడిగినప్పుడు అది కూడా చూపించాలని క్లాసులోనే చెప్తారు కాబట్టి మీ బావగారు నోరు తెరిచి చెప్పడం నాకైతే తప్పనిపించట్లేదు. నిజాయితీగా చెప్పినందుకు కొంచెమైనా విలువ ఉండదా?

ఓక్‌ట్రీ_పద్మ:
చిన్నోడు తమ్ముడూ, నేను ఇక్కడ క్రిమినల్ డిఫెన్స్ ఆఫీసులో పారాలీగల్‌గా పనిచేస్తాను, లాయర్ని కాదు, న్యూ బ్రన్స్‌విక్‌లో ఉన్న ఈ కౌంటీ కోర్టులో రోజూ చూసేది చెప్తాను.

ముందు అమ్మావాళ్ళకి ఫోన్ చేసి పొలం జోలికి పోవద్దని చెప్పు. న్యూజెర్సీలో 2017 జనవరి 1 నుంచి డబ్బు కట్టి బయటికొచ్చే బెయిల్ దాదాపు లేదు. అరెస్టయిన 48 గంటల్లోపు పాత కేసులు, కోర్టుకి ఎగ్గొట్టిన చరిత్ర ఇవన్నీ చూసి రిస్క్ స్కోర్ వేసి జడ్జి కండిషన్ల మీద వదిలేస్తారు, ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, వదలొద్దని మోషన్ వేస్తే మాత్రం హియరింగ్ దాకా లోపలే ఉండాలి. బెయిల్ కట్టిస్తాం అని ఎవరైనా ఫోన్ చేసి డబ్బు అడిగితే ఫోన్ కట్ చేసేయండి.

ఇప్పుడు శిక్ష సంగతి. పర్మిట్ లేని హ్యాండ్‌గన్ ఇక్కడ సెకండ్ డిగ్రీ క్రైమ్, 5 నుంచి 10 ఏళ్ళు. దానిపైన గ్రేవ్స్ యాక్ట్ అని ఒకటుంది, దాని ప్రకారం వేసిన శిక్షలో సగం గానీ 42 నెలలు గానీ, ఏది ఎక్కువైతే అన్నాళ్ళు పెరోల్ ఊసే ఉండదు. లెక్క వేసి చూడు, 5 వేసినా 6 వేసినా 7 వేసినా కనీసం 42 నెలలే, 10 వేస్తే 5 ఏళ్ళు. ఈ కనీసంలోంచి మంచి నడవడికకిచ్చే క్రెడిట్లు కొయ్యరు, ప్రతి రోజూ లోపల గడపాల్సిందే. అరెస్టయినప్పుడు కౌంటీ జైల్లో ఉన్న రోజులు మాత్రం లెక్కలోకొస్తాయి. ఇందులో జడ్జికి మనసున్నా చేతుల్లో ఏం లేదు. సుబ్బుగారూ, మీరన్న నిజాయితీకి విలువ ఉంది కానీ అది చూడాల్సింది జడ్జి కంటే ముందు ప్రాసిక్యూటర్.

ఎందుకంటే మొదటిసారి దొరికినవాళ్ళకి గ్రేవ్స్ వేవర్ అని, అంటే ఆ 42 నెలల నుంచి సడలింపు, ఒక దారి ఉంది. ప్రాసిక్యూటర్ ఒప్పుకుని అసైన్‌మెంట్ జడ్జి, అంటే ఇక్కడి కోర్టుల పెద్ద జడ్జి, దగ్గరికి మోషన్ పంపిస్తే 42 నెలల బదులు రెండిట్లో ఒకటి, ప్రొబేషన్, అంటే బయటే ఉండి కోర్టు నిఘాలో గడపడం, లేదా ఏడాది పెరోల్ లేని శిక్ష. మీ లాయరు చెప్పే ఏడాది ఆఫర్ ఇదే అయ్యుండాలి. కానీ తమ్ముడూ, ఏడాదితో పోతుంది అనే మాట సరిగ్గా అర్థం చేసుకోండి, అది ఏడాది శిక్ష కాదు, మూడేళ్ళో ఐదేళ్ళో స్టేట్ ప్రిజన్ శిక్ష, అందులో మొదటి ఏడాది పెరోల్ ఉండదు. ఏడాది తర్వాత పెరోల్ బోర్డు ఇష్టం.

ఇంకోటి, ప్రొబేషనా ఏడాదా అనేది తేల్చేది అసైన్‌మెంట్ జడ్జి, ప్రాసిక్యూటర్ కాదు అని 2017లో స్టేట్ సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రాసిక్యూటర్ సిఫార్సుకి బరువుంటుంది కానీ చివరి మాట కాదు. మీ లాయరు ప్రొబేషన్ కోసం గట్టిగా వాదించి కాగితాలు పెట్టాలి. పెట్టాడా అడుగు.

వరంగల్_వాస్తవం:
అందరు బాధపడుతున్నరు, నాకూ ఆ పిల్లలను తలుచుకుంటె బాధే అన్నా, కానీ ఒక మాట అనాలె. లోడ్ చేసిన పిస్టల్ గ్లవ్ బాక్సుల, తాళం లేకుండ, అదే కార్ల వెనక సీట్ల పిల్లలు కూసుంటరు గద. స్టేట్ మారినప్పుడు కారు రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్స్ రూల్ చూస్తం, తుపాకి రూల్ చూడమా? ఈ స్టేట్‌ల గన్ లా గట్టిగుంటదనే మేం పిల్లలను ధైర్యంగ స్కూలుకు తోలుతున్నం. మూడున్నరేండ్లు ఎక్కువనే, ఒప్పుకుంట, కానీ ఊకె వదిలేయాలె అంటె నేను ఒప్పుకోను.

గుంటూరు_చిన్నోడు:
వరంగల్ అన్నా మీరన్నది కాదనట్లేదు. శిక్షే వద్దని మేమూ అనట్లేదు. ఎవరి మీదా గురిపెట్టలేదు, తాగి లేరు, దాచలేదు, అలాంటి మనిషికీ దొంగతనానికి గన్ పట్టుకెళ్ళినవాడికీ కనీసం ఒకటే 42 నెలలా అనేదే మా బాధ.

ఓక్‌ట్రీ_పద్మ:
అది మాత్రం ఒకటి కాదు తమ్ముడూ. గన్‌తో దోపిడీ చేస్తే అది ఫస్ట్ డిగ్రీ, 10 నుంచి 20 ఏళ్ళు, అందులో 85 శాతం లోపలే ఉండాలి, వేరే చట్టం. పాత పెద్ద కేసులో కన్విక్షన్, అంటే దోషి అన్న తీర్పు, ఉన్నవాడి దగ్గర గన్ దొరికితే కనీసం 5 ఏళ్ళు పెరోల్ లేకుండా. సెంటెన్సింగ్ రోజు హాల్లో కూర్చుంటే ఈ మూడు రకాలూ ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. అయితే గన్ దగ్గరుండటం తప్ప ఇంకేం చేయని ఒట్టి పొసెషన్ కేసుల్లో కూడా శిక్ష వేసేటప్పుడు మనిషిని బట్టి తేడా చూపించే వీలు ఆ వేవర్‌లో తప్ప ఇంకెక్కడా లేదన్నది నిజం, అందుకే అంతసేపు దాని గురించే రాశాను.

ప్రిన్స్‌టన్_రావుగారు:
పద్మగారు చక్కగా చెప్పారు. నేను ఈ రాష్ట్రంలో చాలాకాలంగా ఉన్నాను, రెండు పాత కేసులు గుర్తు చేస్తాను, మీ లాయరుకి తెలిసే ఉంటాయి, అయినా మీరూ తెలుసుకోండి.

మొదటిది అట్లాంటిక్ కౌంటీ, 2013 అక్టోబర్. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒంటరి తల్లి, పెన్సిల్వేనియా క్యారీ పర్మిట్ ఉంది, ట్రాఫిక్ స్టాప్‌లో మీ బావగారిలాగే తనే చెప్పింది. న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రపు పర్మిట్‌నీ గుర్తించదు. మొదట ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్, అంటే పీటీఐ, ఇవ్వం అన్నారు, జైలే అన్నారు. పీటీఐ అంటే ట్రయల్ లేకుండా కండిషన్లు పూర్తిచేస్తే కేసు కొట్టేసే పద్ధతి. దేశమంతా గొడవైంది. 2014 సెప్టెంబర్‌లో స్టేట్ అటార్నీ జనరల్ ప్రాసిక్యూటర్లందరికీ కొత్త వివరణ పంపాడు, సొంత రాష్ట్రంలో లీగల్‌గా ఉన్న గన్‌తో తెలియక వచ్చి తనంతట తనే చెప్పినవాళ్ళకి జైలు సరైన దారి కాకపోవచ్చు, పీటీఐ గానీ ప్రొబేషన్ గానీ చూడమని. ఆమెకి పీటీఐ ఇచ్చారు, 2015 ఏప్రిల్‌లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష కూడా ఇచ్చాడు. మీ కేసుకి దగ్గరగా ఉన్నది ఇదే, ఆ వివరణ కాగితం మీ వేవర్ అప్లికేషన్‌లో మొదటి పేజీలోనే ఉండాలి.

రెండోది బర్లింగ్టన్ కౌంటీ. కొలరాడో నుంచి మారుతున్న కుర్రాడు, గన్లు డిక్కీలో సామాన్ల మధ్య ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు తీసుకెళ్ళడానికి ఈ చట్టంలోనే మినహాయింపు ఉంది, లోడ్ లేకుండా, మూసి బిగించిన పెట్టెలోనో తాళం వేసిన డిక్కీలోనో ఉంటే. ట్రయల్‌లో జ్యూరీ ఆ మినహాయింపు గురించి అడిగినా జడ్జి చెప్పలేదు, 2010లో 7 ఏళ్ళు వేశారు. ఆ డిసెంబర్‌లోనే క్రిస్టీ శిక్ష తగ్గించి బయటికి తెచ్చాడు, తర్వాత 2012లో అప్పీల్ కోర్టు ఆ గన్ కన్విక్షన్లు కొట్టేసింది. హాలో నోస్ బుల్లెట్ల కన్విక్షన్ మాత్రం మిగిలింది.

మీ బావగారి గన్ లోడ్ అయి గ్లవ్ బాక్స్‌లో ఉంది కాబట్టి ఈ రెండోది నేరుగా పనికిరాదు. ఇంకా 2022 జులై చట్టం ప్రకారం కొత్తగా వచ్చినవాళ్ళు 60 రోజుల్లో ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు తీసుకుని బయట కొన్న హ్యాండ్‌గన్లు రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ గడువు ఇంకా ఉందా దాటిందా అన్నది ప్రాసిక్యూటర్ చూస్తాడు, తేదీలు, లీజు కాగితం, మూవర్స్ బిల్లు తీసిపెట్టుకోండి.

డల్లాస్_సుబ్బు:
మరి 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు ఇచ్చాక ఈ చట్టాలన్నీ చెల్లవన్నారు కదా? ఆ పాయింట్ మీద కేసు కొట్టించలేరా?

ఓక్‌ట్రీ_పద్మ:
చాలామంది ప్రయత్నించారు సుబ్బుగారూ. ఆ తీర్పు వల్ల పోయింది జస్టిఫయబుల్ నీడ్ అనే రూలు, అంటే పర్మిట్ కావాలంటే ప్రాణానికి ప్రత్యేకమైన ముప్పు చూపించాలి అనేది. పర్మిట్ తీసుకోవాలన్న నియమం అలాగే ఉంది, 2022 డిసెంబర్‌లో కొత్త చట్టం కూడా తెచ్చారు. అసలు పర్మిట్‌కే అప్లై చేయనివాళ్ళు చట్టం చెల్లదని కేసు కొట్టెయ్యమంటే కుదరదని 2023లో ఇక్కడి అప్పీల్ కోర్టు చెప్పేసింది. ఆ ఆశ మీద కేసు నడపడం డబ్బు దండగ.

వీసా_వెంకట్:
ఆగండాగండి. అందరూ ఎన్నాళ్ళు జైలు అనే మాట్లాడుతున్నారు, గ్రీన్ కార్డ్ మనిషికి అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. చిన్నోడు బ్రదర్, దయచేసి ఇది రెండుసార్లు చదవండి.

ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఫైర్‌ఆర్మ్ నేరం అనేది విడిగా డిపోర్టేషన్ కారణం. ఫెలొనీయే, అంటే పెద్ద నేరమే, అవ్వాలని లేదు, ఏడాది పైన శిక్ష పడాలనీ లేదు, దేశంలోకి వచ్చి ఎన్నేళ్ళయిందనీ చూడరు. ప్రొబేషన్ వచ్చింది అదృష్టం అనుకుని ఇంటికెళ్ళినా కన్విక్షన్ కన్విక్షనే, తర్వాత ఇండియా వెళ్ళొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులోనో, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినప్పుడో అది బయటికొస్తుంది. ఐదేళ్ళు గ్రీన్ కార్డ్, మొత్తం ఏడేళ్ళు నివాసం ఉండి ఇమ్మిగ్రేషన్ చట్టం అగ్రవేటెడ్ ఫెలొనీ అనే తీవ్రమైన నేరాలు లేకపోతే క్యాన్సిలేషన్ ఆఫ్ రిమూవల్, అంటే డిపోర్టేషన్ రద్దు, అడుక్కోవచ్చు, కానీ అది హక్కు కాదు, ఇమ్మిగ్రేషన్ జడ్జి దయ.

పీటీఐ కూడా రెండు రకాలుగా రావచ్చు. గిల్టీ అని చెప్పకుండా వెళ్ళి పూర్తిచేస్తే ఇమ్మిగ్రేషన్ లెక్కలో కన్విక్షన్ కాదు. ముందు గిల్టీ చెప్పించి పక్కన పెట్టి, కండిషన్లన్నీ పూర్తిచేశాక కేసు కొట్టేసే పద్ధతి అయితే స్టేట్ కోర్టు రికార్డులో డిస్మిస్ అని ఉన్నా ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి అది కన్విక్షనే. సెకండ్ డిగ్రీ కేసుల్లో ఆ గిల్టీ కండిషన్ పెట్టే అవకాశం ఉంది, ముందే తేల్చుకోండి. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఇస్తారు చూశారా సుబ్బుగారూ, అక్కడా మనవాళ్ళు ఇలాగే కన్విక్షన్ కాదనుకుని ఇరుక్కుంటున్నారు.

అసలు ప్లీ ఏ కౌంట్ మీద, అంటే కంప్లైంట్‌లోని ఏ నేరం లైన్ మీద, అన్నది కూడా అడగండి. ఆ డిపోర్టేషన్ సెక్షన్ వాడేది ఫెడరల్ డెఫినిషన్, అందులో తుపాకి, దాని ఫ్రేము, సైలెన్సర్ ఉన్నాయి, బుల్లెట్ విడిగా లేదు. మీ కాగితంలో బుల్లెట్ల లైన్ ఫోర్త్ డిగ్రీ, గరిష్ఠం 18 నెలలు, మొదటి నేరానికి జైలు వేయకూడదనే మొగ్గు చట్టంలోనే ఉంది. గన్ కౌంట్ తీసేసి అక్కడ ముగించడం కుదురుతుందా అని క్రిమినల్ లాయరూ ఇమ్మిగ్రేషన్ లాయరూ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. కుదురుతుందని నేను చెప్పట్లేదు, అడక్కుండా సంతకం పెట్టొద్దంటున్నాను.

గుంటూరు_చిన్నోడు:
మా లాయరు ఇప్పటిదాకా గ్రీన్ కార్డ్ గురించి ఒక్క ముక్క అడగలేదు వెంకట్ గారూ. ఇది చదివాక చేతులు చల్లబడ్డాయి.

ఓక్‌ట్రీ_పద్మ:
అడగాలి తమ్ముడూ, 2010లో పడిల్లా తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, ప్లీ వల్ల డిపోర్టేషన్ ప్రమాదం ఉంటే ముందే హెచ్చరించడం లాయరు బాధ్యత అని. న్యూజెర్సీ ప్లీ ఫారంలో 17వ ప్రశ్న అదే, మీరు అమెరికా సిటిజనా అని ఉంటుంది, కాదు అంటే దాని కింద ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడే హక్కు మీకుంది తెలుసా, మాట్లాడారా అని వరసగా ఉంటాయి. నేను చూసేదేంటంటే కోర్టు వరండాలో పది నిమిషాల్లో ఫారం నింపేస్తారు, లాయరు పెన్నుతో గడగడా చదువుతూ ఎస్ నో మీద గుండ్రాలు చుడుతుంటాడు, మనవాళ్ళు కంగారులో తలూపుతారు. ప్రతి పేజీ కింద ఇనిషియల్స్ పెట్టిస్తారు. తర్వాత జడ్జి ఎదురుగా ఇవన్నీ మీకు అర్థమయ్యాయా అంటే ఎస్ యువర్ ఆనర్ అని రికార్డులో పడుతుంది, ఆ తర్వాత నాకు చెప్పలేదండీ అని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. 17 దగ్గర ఆగి, ఇంకా మాట్లాడలేదు టైం కావాలి అని చెప్పే హక్కుంది, జడ్జి వాయిదా ఇస్తాడు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నా అడగొచ్చు, కోర్టే పెడుతుంది, డబ్బులక్కర్లేదు. ఇంగ్లీషు వచ్చు కదా అని మొహమాటపడకండి, ఆఫీసు ఇంగ్లీషు వేరు, ఈ భాష వేరు.

కరీంనగర్_కిరణ్:
అన్నా నేను హెచ్1 మీద ఉన్న. ఫ్రెండ్స్‌తోటి రేంజ్‌కు పోయి కిరాయి గన్‌తోటి కాల్చిన. ఇప్పుడు గిది చదివి భయమైతుంది. మాకు రూల్ ఏంది?

వీసా_వెంకట్:
కిరణ్, హెచ్1, హెచ్4, ఎఫ్1 ఇలా నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారమే గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోవడం నిషేధం, ఏ స్టేట్ అయినా సరే. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళకి పెంచారు. మినహాయింపులు కొన్నే, మనవాళ్ళకి పనికొచ్చేది ఒకటి, ఏదైనా స్టేట్ ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్. పొసెషన్ అంటే కొనడమే కాదు చేతిలో పట్టుకోవడం కూడా వస్తుంది, అందుకే ఆ లైసెన్స్ లేకుండా రేంజ్‌కి కూడా వెళ్ళొద్దు, గన్ పట్టుకుని ఫొటోలు దిగి పెట్టొద్దు. పెట్టినవి ఉంటే ఏం చేయాలో ఇక్కడ అడక్కుండా లాయర్ని అడుగు.

వరంగల్_వాస్తవం:
కిరణ్ తమ్మీ, మన దేశంల కూడ తక్కువేం లేదు. 2019ల ఆర్మ్స్ యాక్ట్ మార్చినంక లైసెన్స్ లేని తుపాకికి కనీసం రెండేండ్లు, పెండ్లిల గాల్లకు కాల్చినా రెండేండ్ల దాక జైలో లక్ష దాక జుర్మానానో. సంజయ్ దత్‌కు టాడా కొట్టేసినా ఆర్మ్స్ యాక్ట్ కింద సుప్రీంకోర్టు ఐదేండ్లు ఖాయం చేసింది గద 2013ల. అంత పెద్ద నటునికే తప్పలే.
చిన్నోడు అన్నా, గ్రీన్ కార్డ్ సంగతి నాకు తెల్వకుండె. జైలు వేరు, ఇద్దరు పిల్లలను ఈడ పెట్టి తండ్రిని పంపుడు వేరు. అది మాత్రం ఎక్కువే. వేవర్‌కు లెటర్లు కావాలంటె చెప్పు, మా గుడి కమిటీల మాట్లాడుత.

గుంటూరు_చిన్నోడు:
అన్నా చాలా థాంక్స్, ఆ మాట అన్నందుకు. అందరికీ అప్‌డేట్. ఇమ్మిగ్రేషన్ లాయర్ని విడిగా కలిశాం. ఏడాది ఆఫర్ మీద సంతకం పెట్టొద్దు, అది గన్ కౌంట్ మీదే ఉంది, దాంతో సూటిగా రిమూవల్‌లో, అంటే డిపోర్టేషన్ కేసులో, పడతారు అని చెప్పారు. క్రిమినల్ లాయర్‌కి ఆవిడే మెమో రాసి పంపారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ముందు గిల్టీ లేని పీటీఐ అడుగుతున్నారు, రావుగారు చెప్పిన 2014 వివరణ పెట్టి. అది కాకపోతే వేవర్‌తో పాటు కౌంట్ మార్చమని. టెక్సాస్ కొన్న రసీదు, మూవర్స్ బిల్లు, లీజు, ఆఫీసు లెటర్ అన్నీ దొరికాయి. బాడీ క్యామ్ వీడియోలో ఆయన అడక్కముందే చెప్పడం స్పష్టంగా వినబడుతోందట. కేసు ముందుకెళ్ళాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీకి ఇంకా వెళ్ళలేదు.

ఓక్‌ట్రీ_పద్మ:
గ్రాండ్ జ్యూరీకి వెళ్ళకముందే ఇవన్నీ ప్రాసిక్యూటర్ బల్ల మీద ఉండటం చాలా మంచిది. లెటర్లలో మంచివాడు అని రాస్తే సరిపోదు, ఎన్నేళ్ళుగా తెలుసు, ఏం చూశారు అనేది రాయమనండి. కేసు గురించి, గన్ గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయకూడదు. ఈ థ్రెడ్‌లో కూడా ఇక వివరాలు రాయకు తమ్ముడూ, లాయర్లకి చెప్పు చాలు.

ఎడిసన్_అమ్మ:
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మావారు పెరట్లో ఉడతల కోసం ఇండియానా వాళ్ళ అన్నయ్య దగ్గర్నుంచి పెల్లెట్ పిస్టల్ తెచ్చారు. అది బొమ్మలాంటిదే కదా?

ప్రిన్స్‌టన్_రావుగారు:
కాదమ్మా. న్యూజెర్సీలో గాలితో, స్ప్రింగుతో కాల్చేవీ ఫైర్‌ఆర్మ్ కిందకే వస్తాయి. పర్మిట్ లేకుండా పెల్లెట్ పిస్టల్‌తో బయట దొరికితే థర్డ్ డిగ్రీ, 3 నుంచి 5 ఏళ్ళు. కార్లో వేసుకుని తిరిగి ఇచ్చేద్దామని కూడా బయల్దేరకండి, ముందు లాయర్‌కి ఫోన్ చేసి ఎలా అప్పగించాలో కనుక్కోండి.

ఎడిసన్_అమ్మ:
అమ్మో. థాంక్స్ రావుగారూ, రేపే చేస్తాం. మరి మా అమ్మాయి రట్గర్స్‌లో చదువుతోంది, రాత్రి లైబ్రరీ నుంచి నడిచి వస్తుంది, బ్యాగులో పెప్పర్ స్ప్రే ఉంటుంది, అదీ ప్రమాదమేనా?

ఓక్‌ట్రీ_పద్మ:
18 నిండి, పెద్ద నేరంలో కన్విక్షన్ లేకపోతే ఆత్మరక్షణకి ఒకటి పెట్టుకోవచ్చు అక్కా, ముప్పావు ఔన్స్ దాటకూడదు. డబ్బా మీద సైజు చూడండి, ఆన్‌లైన్‌లో వచ్చేవి చాలావరకు పెద్దవి. క్యాంపస్ రూలు వేరేగా ఉండొచ్చు, యూనివర్సిటీ పోలీసుల్ని ఒకసారి అడగమనండి.